పెంపుడు నత్త గుల్ల ఆరోగ్యం

బ్రిటన్‌లో కొన్ని ఇళ్లలో, బడుల్లో పెద్ద ఆఫ్రికా నత్తను గాజు తొట్టెలో పెంచుతారు. మన తోటల్లో బొప్పాయి, కూరగాయల మొక్కలను తినేసే నత్తదీ ఇదే జాతి. 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన నత్తలతో అది ఈ దేశంలో అడుగుపెట్టింది. జాగ్రత్తగా పెంచితే అయిదారేళ్లు బతుకుతుంది. ఆ జాగ్రత్తలో సగానికి పైగా గుల్ల మీదే పెట్టాలని నా అభిప్రాయం.

గుల్ల దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. దాని మీద పల్చటి ప్రోటీన్ పొర ఉంటుంది. కింది కాల్షియాన్ని ఆమ్లం తినేయకుండా కాపాడేది ఆ పొరే. రెండింటినీ తయారుచేసేది మాంటిల్ అనే మెత్తటి కండ. అది గుల్ల మూతి అంచున కొత్త భాగాన్ని చేరుస్తూ పోతుంది. కాబట్టి గుల్ల కొస నత్త పిల్లగా ఉన్నప్పటిది, అంచు ఈమధ్య పెరిగింది. అంచు పల్చగా, పెళుసుగా ఉంటే ఇటీవల కాల్షియం చాలలేదేమోనని మొదట అనుమానించాలి. మూతి దగ్గర విరిగితే నత్త మళ్లీ పెంచుకుంటుంది. మధ్యలో చిన్న పగులైతే లోపలి నుంచి అతుకు వేసుకోగలదు. పైన అరిగిపోయిన పొర మాత్రం తిరిగి రాదు. తెల్లబడిన కొస చూసి టెన్షన్ పడి కాల్షియం గుమ్మరించినా అది పాత రంగుకు రాదు. బాగుపడేది ఇకమీద పెరగబోయే గుల్లే.

అందుకే కాల్షియం తొట్టెలో ఎప్పుడూ ఉండాలి. అన్నిటికన్నా తేలిక కటిల్‌ఫిష్ ఎముక, అంటే మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు. నత్త తన ఆకురాయి లాంటి నాలుకతో దాన్ని గీకి తింటుంది. కోడిగుడ్డు పెంకులను ఉడకబెట్టి, ఆరబెట్టి, పొడి చేసి పెట్టినా సరే. కిళ్లీలోకి వాడే సున్నం మాత్రం వద్దు, అది ఘాటైన క్షారం, నత్త ఒంటిని కాల్చేస్తుంది. కాల్షియం దొరక్కపోతే నత్తలు పక్క నత్త గుల్లనే గీకడం మొదలుపెడతాయి. గుడ్ల పెంకుల్లోకీ అదే కాల్షియం పోతుంది కనుక గుడ్లు పెట్టే నత్తకు ఇంకా ఎక్కువ కావాలి.

కింద పరిచే మట్టి కూడా ముఖ్యమే. పుల్లటి నేలలో కాల్షియం నిలవదు. నెదర్లాండ్స్ అడవుల్లో ఆమ్ల వర్షాల వల్ల నేలలో కాల్షియం తగ్గి నత్తలు అరుదైపోతే, వాటి గుల్లల మీద ఆధారపడిన గ్రేట్ టిట్ పిట్టల గుడ్ల పెంకులు పల్చబడ్డాయని 1990లలో తేల్చారు. గుల్లలు, కోడిగుడ్డు పెంకులు అందిస్తే గుడ్లు మళ్లీ గట్టిపడ్డాయి. తొట్టెలో పీట్ అనే పుల్లటి చిత్తడినేల మట్టికి బదులు ఉప్పు లేకుండా కడిగిన కొబ్బరి పీచు పొట్టు వేసి, చెమ్మగా ఉంచితే చాలు. నీళ్లు నిలవకూడదు.

నత్త గాజు మీదుగా పైకి పాకి జారిపడుతుంది. కింద రాయి గానీ పింగాణీ గిన్నె గానీ ఉంటే గుల్ల పగులుతుంది. తొట్టె మరీ ఎత్తుగా లేకుండా చూసుకోండి. గాజుకు అతుక్కున్నప్పుడు గుల్ల పట్టి లాగితే మాంటిల్ చిరిగిపోవచ్చు. నీళ్లు చల్లి, తడి వేలిని పాదం కిందికి మెల్లగా జరిపి తీయాలి.

తోటలో దొరికిన నత్తను పెంపకానికి తెచ్చుకోవద్దు. ఎలుక ఊపిరితిత్తుల పురుగు దానిలో ఉండొచ్చు, మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి. ఏ నత్తను ముట్టుకున్నా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండా ఈ జాతిని పెంచడం నేరం. 1966లో ఒక అబ్బాయి హవాయి నుంచి మయామీకి తెచ్చిన మూడు నత్తలను తోటలో వదిలేస్తే, అవి వేలల్లో పెరిగి, నిర్మూలించడానికి ఏళ్లు పట్టాయి. ఒక్క నత్త ఒక్కసారే వందకు పైగా గుడ్లు పెట్టగలదు. వద్దనుకున్న గుడ్లను చెత్తలో వేసేముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టనివ్వండి.