స్లీపర్ టికెట్టు ధర: అపోహలు, వాస్తవాలు

రిజర్వేషన్ కౌంటరులో పనిచేసిన రోజుల్లో నేను తరచుగా విన్న మాట "నిన్న చూసినప్పుడు ఇంకా తక్కువే ఉందండీ" అన్నది. విమాన టికెట్ల అలవాటుతో పుట్టిన అనుమానం అది.

అపోహ: బెర్తులు నిండేకొద్దీ స్లీపర్ ధర పెరుగుతుంది.

వాస్తవం: మామూలు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల జనరల్ కోటాలో 60 రోజుల ముందు కొన్నా, ప్రయాణానికి ముందు రోజు కొన్నా ఛార్జీ ఒకటే. బెర్తులు అమ్ముడైనకొద్దీ పెరిగే ఫ్లెక్సీ ఛార్జీ 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో మొదలైంది. ప్రయాణానికి ముందు రోజు అమ్మకానికి పెట్టే తత్కాల్ టికెట్లలో ప్రీమియం తత్కాల్ ధర కూడా గిరాకీని బట్టి మారుతుంది. మామూలు తత్కాల్ అలా మారదు. స్లీపర్‌లో మూల ఛార్జీపై 30 శాతం అదనం, అదీ 100 రూపాయలకు తగ్గకుండా, 200 మించకుండా తీసుకుంటారు.

అపోహ: సగం దూరానికి సగం ధరే ఉండాలి.

వాస్తవం: ఎక్కువ ఫిర్యాదులు దీనిపైనే వచ్చేవి. స్లీపర్‌లో కనీస ఛార్జీ దూరం 200 కిలోమీటర్లు కనుక, విజయవాడ నుంచి రాజమండ్రికి దాదాపు 150 కిలోమీటర్లే ప్రయాణించినా 200 కిలోమీటర్లకు చెల్లించాలి. ఆపైన దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతూ వస్తుంది. అందువల్ల విశాఖపట్నం నుంచి చెన్నైకి ఒకే టికెట్టు తీసుకోకుండా విజయవాడ దగ్గర విడదీసి రెండు కొంటే, దూరం పెరగకపోయినా ఖర్చు పెరుగుతుంది. పైగా 20 రూపాయల రిజర్వేషన్ ఛార్జీ, సూపర్‌ఫాస్ట్ రైలయితే మరో 30 రూపాయలు రెండుసార్లు కట్టాలి. బెర్తు దొరకక అలా విడదీసేవారిని నేను తప్పుపట్టను గానీ, ఆదా కోసమైతే అది వ్యర్థమే.

అపోహ: సూపర్‌ఫాస్ట్ రైలు ఆలస్యమైతే ఆ 30 రూపాయలు తిరిగి రావాలి.

వాస్తవం: టైంటేబులు ప్రకారం సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు, ఆపైన ఉన్న రైలును సూపర్‌ఫాస్ట్‌గా వర్గీకరిస్తారు. ఆ రోజు అది ఎంత వేగంగా నడిచిందన్న దానితో ఈ ఛార్జీకి సంబంధం లేదు. ప్రయాణికుడి కోపం న్యాయమైనదే అయినా, నిబంధన అలాగే ఉంది.

అపోహ: కింది బెర్తుకు ఎక్కువ ధర పడుతుంది.

వాస్తవం: స్లీపర్‌లో కింది, మధ్య, పై, సైడు బెర్తులన్నింటికీ ఒకే ఛార్జీ. ఆర్‌ఏసీ (పూర్తి బెర్తు దొరకక, కూర్చునే చోటు మాత్రమే ఖాయమైన) ప్రయాణికుడు సైడు బెర్తును మరొకరితో పంచుకుని కూర్చున్నా పూర్తి ఛార్జీయే చెల్లిస్తాడు. సమర్థించడం నాకు కష్టమనిపించే నిబంధన ఇదొక్కటే.

అపోహ: స్లీపర్ టికెట్టు మీద జీఎస్టీ వేస్తున్నారు.

వాస్తవం: 5 శాతం జీఎస్టీ ఏసీ తరగతులకు, ఫస్ట్ క్లాసుకు మాత్రమే ఉంది. స్లీపర్ టికెట్టును ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు కనిపించే పన్ను ఐఆర్‌సీటీసీ తీసుకునే కన్వీనియన్స్ ఫీజు మీద వేసినది.