చెవి మొద్దు కాదండీ: శబ్దాల తేడా మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో స్పీచ్ థెరపీ చేస్తుంటాను. ఇక్కడి తెలుగిళ్ళ నుంచి వచ్చే అమ్మానాన్నల నోట అవే మాటలు వింటుంటాను కాబట్టి రాస్తున్నా.

అపోహ: మావాడికి భ, బ తేడా తెలీదు, చెవిలో ఏదో లోపం ఉంది.

వాస్తవం: చాలాసార్లు చెవి లక్షణంగానే ఉంటుంది. మామూలు మాటల్లో మనం ఒత్తులు ఎక్కడ పలుకుతాం, భయాన్ని కూడా బయం అనేస్తాం, ఇక ఒడియాలో అన్నానికి భాత, వాతానికి బాత అంటే పిల్లాడికి రెండూ ఒకటే. ఒడియావాళ్ళ తంటా వేరు: ఇ, ఈ తేడా వాళ్ళకు రాతలోనే గానీ నోట్లో లేదు, దాంతో మన పిట్టా పీటా కలిసిపోతాయి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళ పసిపిల్లలకు హిందీ త, ట వినిపిస్తే 6-8 నెలల వాళ్ళలో ఎక్కువమంది తేడా పట్టేశారు, ఏడాది దగ్గరపడ్డవాళ్ళలో చాలామంది పట్టలేకపోయారు. ఇంట్లో పనికిరాని తేడాను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది, అంతే. అయితే పిలిస్తే పలకకపోయినా, చెవి కారుతున్నా ముందు వినికిడి పరీక్ష చేయించండి, అందులో మొహమాటం వద్దు.

అపోహ: ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు... అందుకే కన్ఫ్యూజ్ అవుతున్నాడు.

కాదు. ఈ మాట నమ్మి తెలుగు మానేసిన ఇళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

అపోహ: ఫోన్లో ఒడియా రైమ్స్ పెడితే అవే వచ్చేస్తాయి.

వాస్తవం: 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో 9 నెలల పిల్లలకు చైనీస్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించినవాళ్ళ దగ్గర పిల్లలు శబ్దాలు పట్టుకున్నారు, అదే వీడియో చూపిస్తే లాభం లేకపోయింది. పక్కింటి ఒడియా మౌసి (పిన్ని) దగ్గర కాసేపు వదలండి, అదే మేలు.

అపోహ: పెద్దయ్యాక ఇక రాదు.

వాస్తవం: వస్తుంది, కాకపోతే కసరత్తు కావాలి. జపాన్‌వాళ్ళకు ఇంగ్లీషు ర, ల విడదీయడం ఎంత కష్టమో తెలిసిందే. రకరకాల గొంతులతో వినిపించి, తప్పొప్పులు అప్పటికప్పుడు చెబితే వాళ్ళూ మెరుగుపడ్డారని 1991లో పిసోనీ బృందం చూపించింది. ట్రాన్స్‌ఫర్ మీద ఇటొచ్చి ఒడియాతో టెన్షన్ పడేవాళ్ళ చేత నేనూ ఇదే చేయిస్తాను. పట్టుకు పాట, పాఠానికి పాఠ, ఈ రెండు మాటలూ నలుగురైదుగురి గొంతుల్లో రికార్డు చేసుకోండి. ఇంకొకరు ప్లే చేస్తుంటే విన్నది ఏ మాటో వేలితో చూపించాలి, తప్పయితే వెంటనే మళ్ళీ వినాలి. ఒక్కరి గొంతుతో సరిపెడితే ఆ గొంతే అలవాటవుతుంది, బజార్లో మళ్ళీ మొదటికొస్తారు. పలకడం తర్వాత చూసుకోవచ్చు. నోటి ముందు పల్చటి కాగితం పెట్టుకుంటే ఠకి ఎగురుతుంది, టకి పెద్దగా కదలదు.