కుటుంబ షికారుకు గాలి పడవ: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లోని ఆస్టిన్ పరిసరాల్లో కుటుంబాలకు తెడ్డు వేయడం నేర్పే నన్ను వేసవి రాగానే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న, ఇంటెక్స్ సీహాక్ 4 కొనాలా, ఎక్స్‌కర్షన్ 5 కొనాలా అన్నది. ఇవి ఇంటెక్స్ కంపెనీవారి, గాలి నింపుకొని వాడే తెడ్డు పడవలు; రెండూ పనికొచ్చేవే. అయితే చాలామంది పెట్టెమీది అంకెను చూసే నిర్ణయించుకుంటున్నారు.

అపోహ: 5 అని ఉంటే ఐదుగురు హాయిగా కూర్చోవచ్చు.

వాస్తవం: ఆ అంకె ఎంతమందికి అనుమతి ఉందో చెబుతుందే గానీ, కాళ్లు చాపుకొనే చోటు ఎంతో చెప్పదు. సీహాక్ బయటి కొలత సుమారు 351 × 145 సెం.మీ., ఎక్స్‌కర్షన్‌ది సుమారు 366 × 168 సెం.మీ. ఇరుపక్కల గాలి గొట్టాలే వెడల్పులో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి కాబట్టి, పొడవులోని తేడా కన్నా వెడల్పులోని ఆ 23 సెం.మీ. తేడాయే లోపల కూర్చున్నాక తెలిసివస్తుంది. దంపతులు, ఇద్దరు చిన్నపిల్లలు, ఒక ఐస్ పెట్టె ఉంటే ఎక్స్‌కర్షన్ తీసుకోమంటాను. ఒక్కరే తెడ్డు వేస్తూ ఒక బిడ్డను తిప్పేవారికి మాత్రం సన్నగా ఉన్న సీహాక్ నడపడం సులువు.

అపోహ: నీళ్లలోకి దించగానే మెత్తబడితే పంక్చర్ పడినట్లే.

వాస్తవం: ఎండలో నింపిన గాలి చల్లని నీటి స్పర్శకు సంకోచిస్తుంది. కాసేపు నీటిలో ఉంచి, మళ్లీ కొంచెం గాలి కొడితే సరిపోతుంది. అసలు ప్రమాదం దీనికి విరుద్ధమైన సందర్భంలో ఉంది. నీటిలో బిగుతుగా నింపిన పడవను భోజనాల వేళ ఒడ్డున ఎండలో వదిలేసినప్పుడు, లోపలి గాలి 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కి, వ్యాకోచించే చోటు దొరకకపోతే, పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పే కొలత) పెరుగుతుంది. ఇలాంటి పీవీసీ పడవలను నింపేదే అతి తక్కువ పీడనంతో. పీవీసీ కొంత సాగి ఆ ఒత్తిడిని తగ్గించినా, అతుకులు విడిపోయేది ఇలాంటప్పుడే. అందువల్ల ఒడ్డుకు లాగగానే పడవలో విడివిడిగా ఉండే ప్రతి గాలి అర నుంచీ కొంత గాలి తీసి, పడవను నీడకు చేర్చాలి. సైకిల్ ట్యూబుకు వాడే సొల్యూషన్ పీవీసీని గట్టిగా పట్టుకోదు కనుక మరమ్మతుకు పీవీసీ జిగురే వాడాలి.

అపోహ: మోటారు బిగిస్తే ఎదురుగాలి భయం ఉండదు.

వాస్తవం: బరువు తక్కువ, గోడలు ఎత్తు కావడంతో ఈ పడవలను గాలి తేలికగా నెట్టేస్తుంది. ట్రోలింగ్ మోటారుకు (పడవకు బిగించే చిన్న విద్యుత్ మోటారుకు) పెట్టే పెద్ద సీసపు బ్యాటరీ పాతిక కిలోల దాకా తూగుతుంది, ఆ బరువును కూడా మనుషుల బరువుతో కలిపి లెక్కించాలి. పైగా టెక్సస్‌లో మోటారు ఉన్న పడవకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మోటారు ఉన్నా లేకున్నా ముందుగా గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిపోయి తిరిగివచ్చేటప్పుడు గాలి తోడవుతుంది. కొత్తవారికి ఆస్టిన్ దగ్గరి సరస్సుల్లో, మోటారు పడవలు తిరిగే లేక్ ట్రావిస్ కన్నా, పెట్రోలు ఇంజన్లకు అనుమతి లేని లేడీ బర్డ్ లేక్ మేలు.

అపోహ: గాలి అరలు వేర్వేరుగా ఉన్నాయి కనుక లైఫ్ జాకెట్ అక్కరలేదు.

వాస్తవం: ఒక అర ఖాళీ అయితే పడవ మునగకపోవచ్చు గానీ, ఒక పక్కకు ఒరిగి పిల్లలు జారిపోవచ్చు. టెక్సస్‌లో ఇటువంటి చిన్న పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ తొడుక్కునే ఉండాలి, పెద్దలకు తలా ఒకటి పడవలో ఉండాలి. బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకొని పైకి ఎత్తినప్పుడు జాకెట్ గడ్డం దాటి చెవుల వరకూ వస్తే, అది ఆ బిడ్డకు వదులైనదని గ్రహించి చిన్న సైజు తీసుకోవాలి.