గ్రేట్ నికోబార్: ఆ తీరం ఎప్పుడు 'ఖాళీ' అయింది?

అండమాన్ నికోబార్ దీవుల్లో దక్షిణాన ఉన్న గ్రేట్ నికోబార్ మళ్లీ వార్తల్లోకెక్కింది. అక్కడ కేంద్రం తలపెట్టిన భారీ ప్రాజెక్టు మీదే గొడవ. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కలిపి 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. ఈ లెక్కలు ఈపాటికి చాలామంది చదివే ఉంటారు. గొడవ మూలం పట్టుకోవాలంటే మాత్రం 2004 డిసెంబర్ 26 దగ్గరికి వెళ్లాలి.

సునామీ వచ్చేదాకా ఈ ద్వీపం దక్షిణ, పశ్చిమ తీరాల్లో నికోబారీ గిరిజనుల ఊళ్లుండేవి. కొబ్బరి తోటలు, పందుల పెంపకం, చేపల వేట, బతుకంతా ఒడ్డు వెంటే. అలలు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేశాయి. నేల కుంగి ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి పోయింది. ప్రాణాలతో మిగిలినవాళ్లను తూర్పు తీరాన క్యాంప్‌బెల్ బే వైపు తరలించి, రాజీవ్ నగర్, న్యూ చింగెన్‌లలో ఉంచారు. నాలుగు రోజుల ముచ్చటే అనుకున్నారు వాళ్లు. తోటలు లేవు, సొంత ఒడ్డు లేదు. మా ఊళ్లకు మమ్మల్ని పంపండని ఏళ్ల తరబడి అడిగారు. పంపలేదు. మనుషులు తిరిగి రాలేని ఆ తీరమే తర్వాత కాగితాల మీద ఖాళీ భూమిగా కనిపించింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

తాబేళ్లను మాత్రం ఎవరూ ఆపలేదు. ఓడరేవు కట్టాలనుకుంటున్న గలాథియా బేలో ఇసుక మళ్లీ మేటవేసింది, లెదర్‌బ్యాక్‌లు తిరిగొచ్చాయి. సముద్ర తాబేళ్లలో ఇవే అన్నిటికన్నా పెద్దవి. రాత్రిపూట ఒడ్డుకెక్కి, గుంట తవ్వి, గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పక్కనే తీరపు అడవిలో మెగాపోడ్ పక్షి ఆకులూ మట్టీ పోగేసి దిబ్బ కడుతుంది. గుడ్ల మీద అది కూర్చోదు, దిబ్బలోని వేడికే పిల్లలవుతాయి. 1997 నుంచి అభయారణ్యంగా ఉన్న ఈ చోటికి 2021 జనవరిలో ఆ హోదా తీసేశారు. కేంద్రం అదే నెలలో విడుదల చేసిన సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళికలో, లెదర్‌బ్యాక్‌లు గుడ్లు పెట్టే ముఖ్యమైన తీరాల్లో గలాథియా ఉంది!

మలక్కా జలసంధి దగ్గర దేశానికి రేవు కావాలని, నష్టపోయే అడవికి, జీవాలకు బదులు ఏర్పాట్లు చేస్తామని ప్రభుత్వం అంటోంది. 2022లో లిటిల్ నికోబార్, మెంచల్, మెరో దీవుల్లో కొత్త అభయారణ్యాలు ప్రకటించింది కూడా. అవీ నికోబారీలు తరతరాలుగా చూసుకుంటున్న చోట్లే.

2022 ఆగస్టులో నికోబారీల ట్రైబల్ కౌన్సిల్ ఈ ప్రాజెక్టుకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చిన మాట నిజం. నవంబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. అదే నెలలో కౌన్సిల్ తన ఎన్‌ఓసీని వెనక్కి తీసుకుంది. గిరిజన రిజర్వు నుంచి తొలగించే భూమిలో సునామీకి ముందు తామున్న ఊళ్లు కూడా ఉన్నాయని తమకు ముందుగా చెప్పలేదని రాసింది. లోపలి అడవిలో బతికే, కొన్ని వందల మందే ఉన్న మరో తెగ షోంపెన్ల తరఫున ఎవరు సంతకం పెట్టగలరు? నికోబారీలు ఇప్పటికీ అడుగుతున్నది సునామీ తర్వాత అడిగినదే: తమ ఊళ్లకు తమను వెళ్లనివ్వమని.