ఫార్మా కన్సల్టింగ్ ఇంటర్న్‌షిప్: ఏటా నేను వినే అపోహలు

బెంగళూరులో ఫార్మా కన్సల్టింగ్ నా వృత్తి. అంటే మార్కెట్ లెక్కలు కట్టి, డాక్టర్లతో మాట్లాడి మందుల కంపెనీలకు సలహాలివ్వడం; ఆ కంపెనీలే మా క్లయింట్లు. ఏటా ఇద్దరు ముగ్గురు ఫార్మ్‌డీ, ఎంబీఏ విద్యార్థులు రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు నా దగ్గరికి వస్తారు. వస్తారంటే కంప్యూటర్ తెర మీదకే. మారతహళ్లి హాస్టల్లో ఉండే అమ్మాయి కూడా గదిలోంచే పని చేస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను ఒక్కసారి చూసినవారెవరూ ఆమెను తప్పుపట్టరు.

అపోహ: రోగుల సంఖ్యను మందు ధరతో గుణిస్తే మార్కెట్ ఎంతో తేలిపోతుంది.

వాస్తవం: మొదటి వారంలో అందరూ వేసే లెక్క ఇదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త మధుమేహ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. నిరుడు ఒక అబ్బాయి ఆ అంకెను ఒక కొత్త షుగర్ మాత్ర ధరతోనూ 365 రోజులతోనూ గుణించి, "అక్కా, ఇంత పెద్ద మార్కెట్టా!" అని మురిసిపోయాడు. అది రక్తపరీక్షలు చేసి తేల్చిన అంకె. అందులో తమకు షుగర్ ఉందని తెలియనివారూ ఉంటారు. తెలిసినా పథ్యంతో సరిపెట్టుకునేవారు, మెట్‌ఫార్మిన్ అనే పాత మాత్రతోనే నెట్టుకొచ్చేవారు, మూడు నెలలు వాడి 'తగ్గిందిగా' అని మానేసేవారు ఉంటారు. మా అమ్మ మూడో రకం. వీరందరినీ ఒక్కో మెట్టు దగ్గర తీసేస్తూ పోవాలి, ప్రతి మెట్టుకూ ఆధారం చూపాలి.

ఇక ధర అంటే ఏ ధర? అట్ట మీది ఎంఆర్‌పీలో జీఎస్టీ, దుకాణదారు వాటా, స్టాకిస్టు వాటా పోగా మిగిలేదే కంపెనీకి చేరుతుంది. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద గరిష్ఠ ధర కట్టేటప్పుడు దుకాణదారుకు 16 శాతం లెక్కవేస్తారు. పైగా ధర నిలకడగా ఉండదు. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు పేటెంట్ గడువు ముగియగానే ఎన్నో కంపెనీలు చవకగా తమ బ్రాండ్లు దించాయి. ఫిబ్రవరి ధరతో ఆ ఏడాదంతా లెక్క కట్టినవారికి మాత్రలు కనిపిస్తాయి కానీ రూపాయలు కనిపించవు.

అపోహ: డాక్టర్లతో మాట్లాడేటప్పుడు అడిగిన ప్రశ్నకు జవాబు రాసుకుంటే చాలు.

వాస్తవం: ధర గురించి మాట్లాడుతూ మధ్యలో ఒక డాక్టరు, "ఈ మందుతో ఒకాయనకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి" అన్నారు. మా ఇంటర్న్ అది ప్రశ్నలో లేదని వదిలేసింది. సాయంత్రం రికార్డింగ్ వింటూ నేను కుర్చీలోంచి లేచాను. క్లయింటు మందు వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందన్న మాట చెవిన పడితే, సాధారణంగా ఒక పనిదినంలోగా ఆ కంపెనీ భద్రతా విభాగానికి తెలియజేయాలి. రోగి (పేరు అక్కర్లేదు, వయసో లింగమో చాలు), చెప్పినవారు, మందు, జరిగిన సంగతి: ఈ నాలుగూ అడిగి రాసుకోవాలి. ఒకటి దొరకకపోయినా దొరికినంత పంపాలి. అది మందు వల్లేనా కాదా అని తేల్చడం మన పని కాదు. ఆ రాత్రికే నివేదిక పంపాం.

అపోహ: ఇంటి నుంచి పని కాబట్టి మన వేళలు మనవే.

వాస్తవం: అమెరికా క్లయింటుతో మీటింగ్ వారి వేళకే. వేసవిలో న్యూజెర్సీలో ఉదయం 10 అయితే మనకు రాత్రి 7:30. సరిగ్గా మెస్‌లో పప్పు అయిపోయే వేళ. ముందే తినేయండి.

అపోహ: కాస్త ఫీజు కడితే మంచి ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది.

వాస్తవం: డబ్బు కట్టించుకునేది కోర్సు.

అపోహ: చేసిన ప్రాజెక్టును క్లయింటు పేరుతో రెజ్యూమెలో పెట్టుకోవచ్చు.

వాస్తవం: గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరే. చూపించడానికి ఏమీ లేదని దిగులు పడనక్కర్లేదు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (మనుషులపై జరిపే మందుల పరీక్షల నమోదు పట్టిక), మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ప్రకటించే గరిష్ఠ ధరలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వాటితో సొంతంగా ఒక మందు లెక్క కట్టి, ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో రాసి తీసుకురండి. ఇంటర్వ్యూలో నేను మొదట చూసేది ఆ పక్క గడినే.