తాళంచెవితో ఒక గీత

చికాగోలో మా అక్క వాళ్లుండే ఇల్లు 1920ల్లో కట్టింది. ఆ మధ్య వాళ్లకో ఉత్తరం వచ్చింది: మీ ఇంటికి నీళ్లు తెచ్చే సర్వీస్ లైన్ దేంతో చేసిందో మా రికార్డుల్లో లేదు, సీసం కూడా అయ్యుండొచ్చు అని. అక్క టెన్షన్‌తో ఫోన్ చేసి, "అమెరికాలో సీసం పైపులేంట్రా?" అంది.

అమెరికా సంగతి అటుంచితే చికాగోలో మాత్రం ఇళ్లకు సీసం పైపే వేయాలని నగరం రూలు పెట్టుకుంది, అదీ 1986లో దేశమంతా నిషేధం వచ్చేదాకా. అందుకే అక్కడ ఇంకా దాదాపు 4 లక్షల సీసం లైన్లున్నాయి, ఆ దేశంలో మరే ఊళ్లోనూ ఇన్ని లేవు. మెత్తటి లోహం, ఎటు వంచితే అటు వంగుతుంది, ఇనుములా తుప్పుపట్టి చిల్లులు పడదు, నేల కాస్త కుంగినా పగలదు. ప్లంబర్లకి ముద్దొచ్చిందంటే రాదా మరి! అసలు ప్లంబర్ అన్న మాటే సీసానికి లాటిన్‌లో ఉన్న ప్లంబమ్ అనే పేరు నుంచి వచ్చింది.

వీధి కింద పోయే పెద్ద మెయిన్ సీసంది కాదు. దాన్నుంచి మన మీటరు దాకా వచ్చే సన్నపు పైపే సర్వీస్ లైన్, గొడవంతా దానితోనే. మిషిగన్ సరస్సు నీళ్లు శుద్ధి కేంద్రం నుంచి బయల్దేరేటప్పుడు బాగానే ఉంటాయి, ఇంటి ముందు ఆఖరి కొన్ని మీటర్లలో పాడవుతాయి. పెద్ద అపార్ట్‌మెంట్లకు లావు పైపు కావాలి కాబట్టి వాటికి ఈ బెడద సాధారణంగా ఉండదు.

చూసుకోవడం తేలికే. బేస్‌మెంట్‌లోకి దిగి, గోడలోంచో నేలలోంచో పైపు లోపలికొచ్చి మీటరుకు కలిసే ముందు ముక్కని తాళంచెవితో మెల్లగా గీకాలి. సీసమైతే ఇట్టే గీత పడి లోపల వెండిలా మెరుస్తుంది, అయస్కాంతం అంటదు. రాగి అయితే రంగే చెప్పేస్తుంది. బూడిద రంగులో ఉండి ఫ్రిజ్ మీది అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది మన జీఐ పైపు లాంటిదే, కానీ దానికి ముందు ఎప్పుడైనా సీసం లైన్ ఉండి ఉంటే లోపలి తుప్పు ఆ సీసాన్ని పట్టి ఉంచుకుని ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది కాబట్టి దాన్నీ నమ్మడానికి లేదు. ఇంకో తిరకాసు, లోపలికొచ్చిన ముక్క రాగిదై ఉండి మట్టి కింద మిగతాది సీసందై ఉండొచ్చు. కొంత భాగం మార్చి కొంత వదిలేసిన ఇళ్లు బోలెడు. గీకాక చేతులు కడుక్కోండి.

ఇదంతా ఎందుకు, నీళ్లే టెస్ట్ చేయిస్తే పోలేదా అని బావ అన్నాడు. అందరూ అనేదే. చికాగోలో 311కి ఫోన్ చేస్తే కిట్ ఉచితంగానే ఇస్తారు, చేయించండి, కానీ ఒక్క టెస్టుతో ధీమా పడొద్దు. ముప్పావు అంగుళం పైపులో మీటరు పొడవుకు సుమారు 285 మిల్లీలీటర్లు నిలుస్తాయి. అంటే పొద్దున్నే కుళాయి తిప్పి పట్టిన మొదటి లీటరు, వంటింటి పైపుల్లో ఆఖరి మూడున్నర మీటర్ల నీళ్లన్నమాట. రాత్రంతా సీసం లైన్లో నానిన నీళ్లు ఇంకా దారిలోనే ఉంటాయి. అందుకే ఆరు గంటలు వాడకుండా ఉంచి, మొదటి లీటరుతో పాటు ఐదో లీటరు కూడా పట్టమంటున్నారు. అయినా పైపు లోపల పెచ్చు ఊడినరోజు ఒక లెక్క, ఊడనిరోజు ఒక లెక్క. పైపు సీసందని తేలాక, టెస్టులో ఏమీ రాలేదన్నా నేనైతే పైపు మాటే నమ్ముతాను.

ఆ పెచ్చు కథ వినాలి. ఏళ్ల తరబడి పారిన నీళ్లు సీసం లోపలి వైపు ఖనిజాల పొర కడతాయి, ఆ పొర ఉన్నంతకాలం సీసం చాలావరకు లోపలే ఉంటుంది. చాలా ఊళ్లలో దాన్ని నిలబెట్టడానికే నీళ్లలో ఫాస్ఫేట్ కలుపుతారు. వాషింగ్టన్ డీసీలో 2000 చివర్లో క్రిముల్ని చంపడానికి క్లోరిన్ బదులు క్లోరమైన్ కలపడం మొదలెట్టారు. క్లోరిన్ ఉన్నన్నాళ్లూ గట్టిగా నిలిచిన లెడ్ డయాక్సైడ్ పొర కాస్తా కరగడం మొదలై నీళ్లలో సీసం ఎగబాకింది. అక్కడ పైపులు మారలేదు, మందు మారిందంతే. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ అనే ఊళ్లో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికని డెట్రాయిట్ నీళ్లు మానేసి నది నీళ్లు వదిలారు, వాటిలో పైపుల్ని కాపాడే మందు కలపలేదు. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా లెక్కలతో చూపించాక, 2015 అక్టోబరులో పాత నీళ్లకే తిరిగొచ్చారు.

అమెరికాలో 1991 నుంచి ఉన్న హద్దు, లీటరుకు 15 మైక్రోగ్రాములు, ఆరోగ్యానికి పెట్టిన హద్దనుకోకండి. పరీక్షించిన ఇళ్లలో పదింట ఒకటి కంటే ఎక్కువ దాన్ని దాటితే నీళ్ల సంస్థ కదలాలని అర్థం. 2024లో దాన్ని 10కి దించుతూ రూలు తెచ్చారు. ఆరోగ్యం దృష్ట్యా లక్ష్యం మాత్రం సున్నాయే, ఎందుకంటే సీసం కాల్షియం వేషం వేసుకుని ఒంట్లోకి దూరుతుంది, ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది, చిన్నపిల్లల మెదడుకు ఇంత తక్కువైతే ఫర్వాలేదనే మోతాదు లేదు.

మన దగ్గర ఇళ్లలో కనిపించేవి ఎక్కువగా జీఐ, పీవీసీ, సీపీవీసీ పైపులే. అయితే పీవీసీ తయారీలో స్టెబిలైజర్‌గా సీసం లవణాలు వాడేవాళ్లు. పైపుల్లో దాన్ని ఆపడానికి కేంద్రం 2021లో రూల్స్ తెచ్చింది. ఇక్కడ తాళంచెవితో గీకితే ఏమీ తెలియదు, ల్యాబ్ పరీక్షే దిక్కు.

అక్క గీకి ఫొటో పంపింది. గీత తళతళా మెరుస్తోంది. పైపు మార్చడానికి నగరం జాబితాలో పేరిచ్చి, ఈలోపు సీసాన్ని వడగడుతుందని హామీ ఇచ్చే ఎన్ఎస్ఎఫ్ 53 గుర్తు ఉన్న ఫిల్టర్ పెట్టుకుంది. తాగడానికే కాదు, పప్పుకీ చారుకీ కూడా అవే నీళ్లు. చిక్కంతా విజయవాడ నుంచి వెళ్లిన అమ్మతో వచ్చింది. కాచి చల్లార్చితే ఏ నీళ్లయినా మంచివే అని ఆవిడ నమ్మకం, క్రిములకైతే అది నిజమే, సీసం మాత్రం మరిగేకొద్దీ చిక్కబడుతుంది. దానికి తోడు గ్యాస్ ఆదా అవుతుందని వేడినీళ్ల కుళాయి నుంచే ఎసరు పెడుతోందట. వేడినీళ్లకు సీసం ఇంకా బాగా కరుగుతుందమ్మా అని నేను ఫోన్లో పావుగంట చెప్పాను. మర్నాడు అక్క ఆ కుళాయి పిడి ఊడదీసి దాచేసింది.