చీనీ: పండా, పంచదారా, పళ్లెమా?

2020 సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్ నగర్‌కు ఒక కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణాది నుంచి కదిలిన మొదటి కిసాన్ రైలు అదే. టమాటా, అరటి, బొప్పాయిలతో పాటు చీనీకాయలు కూడా అందులో వెళ్లాయి. ఇక్కడ చీనీగా ఎక్కిన సరుకు అక్కడ మోసంబిగా దిగుతుంది. ఢిల్లీలో చీనీ అంటే చక్కెర మరి! అక్కడి జ్యూస్ బండి దగ్గర నిలబడి చీనీ కావాలంటే చక్కెర డబ్బా వైపే చెయ్యి పోతుంది.

నార్పల, గార్లదిన్నె, పులివెందుల తోటల్లో చీనీ అనేదాన్నే నల్లగొండలో, కోస్తాలో బత్తాయి అంటారు. ఈ మూడు పేర్లూ ఊళ్లవో, దేశాలవో. బత్తాయి వెనుక ఉన్నది బటావియా. డచ్చివాళ్లు జకార్తాకు పెట్టిన పేరది. మోసంబి వెనుక మొజాంబిక్ ఉంది. చీనీ అంటే చీనా దేశానిది అని అర్థం. పండు ఒకటే, దాని పుట్టిల్లు ఎక్కడంటే మాత్రం ఒక్కో ప్రాంతం ఒక్కో దిక్కు చూపిస్తుంది.

‘చీన’ అన్న మాట మనకు కొత్తది కాదు. మహాభారతంలో చీనులున్నారు, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చీనా పట్టు ఉంది. మన కథల్లో రాజకుమార్తెలు కట్టుకునేవి చీని చీనాంబరాలే. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ వంశం పేరు నుంచే ఈ మాట వచ్చిందని ఎక్కువమంది పండితులు అంటారు. దీన్ని కాదనేవాళ్లూ ఉన్నారు. చైనావాళ్లు మాత్రం తమ దేశాన్ని అలా పిలుచుకోరు. వాళ్లకది ఝోంగువో, అంటే మధ్య దేశం. రష్యన్లు కితాయ్ అంటారు, అది ఖితాన్ అనే తెగ పేరు.

పండును చీనాతో ముడిపెట్టింది అనంతపురం రైతు ఒక్కడే అనుకుంటే పొరపాటు. డచ్చి భాషలో దాన్ని సినాస్‌అపెల్ అంటారు, చీనా ఆపిల్ అన్నమాట. జర్మన్‌లో అప్ఫెల్‌సీనె, రష్యన్‌లో అపెల్‌సిన్. అట్లాంటిక్ అవతల ప్యుయెర్టో రికోలో ఆపిల్ కూడా ఎగిరిపోయి ‘చినా’ ఒక్కటే మిగిలింది. అక్కడ చినా జ్యూస్ అంటే మన చీనీ జ్యూసే. గ్రీకులు, టర్కులు, అరబ్బులు, ఇరానీయులు పండు తెచ్చి అమ్మినవాడి పేరు పెట్టుకున్నారు. వాళ్ల పోర్తొకాలి, పోర్తకాల్, బుర్తుకాల్, పోర్తెఖాల్ అన్నీ పోర్చుగల్ రూపాలే. ఇంగ్లీషు ఆరెంజ్‌ది ఇంకో దారి. సంస్కృత నారంగం పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంహ అయింది. ఇటాలియన్, ఫ్రెంచి నోళ్లలో మొదటి ‘న’కారం రాలిపోయింది. నారంగానికి మూలం ద్రావిడమేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఆ లెక్కన నారింజ, ఆరెంజ్ దూరపు చుట్టాలు.

ఇంతకీ పుట్టిల్లు విషయంలో ఎవరి మాట నిజం? చీనీ శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అన్నా చీనా దేశానిదనే. ఆ పేరు పక్కన కనిపించే ఆస్బెక్, మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లినేయస్ శిష్యుడు. 1750ల మొదట్లో చైనా వెళ్లొచ్చినవాడు. ఈ మధ్య జరిగిన జన్యు పరిశోధనలు చూస్తే, నిమ్మజాతి మొత్తానికి మూలస్థానం అస్సాం తూర్పు భాగం, ఉత్తర మయన్మార్, చైనాలోని యునాన్ పడమటి భాగం కలిసే హిమాలయ పాదాల ప్రాంతం. చీనీ అడవి జాతి కాదు, సంకరం. తల్లి వైపు పంపరపనస, తండ్రి వైపు కమలా కుటుంబం. సాత్‌గుడి, మోసంబి, వాలెన్షియా, నావెల్ అని ఇన్ని రకాలున్నా అన్నీ ఆ ఒక్క సంకరం నుంచి దిగినవే. కొమ్మ మొగ్గల్లో అప్పుడప్పుడూ వచ్చిన మార్పులను అంటు కట్టి నిలబెట్టుకుంటూ వచ్చారు. బెంగాలీలో బాతాబి లేబు అంటే పంపరపనస. బటావియా పేరు అక్కడ తల్లికి దక్కితే, మన బత్తాయిలో బిడ్డకు దక్కింది.

ఒక పక్క మాట. ఆరెంజ్ అంటే ప్రపంచానికి ఒక రంగు. అనంతపురం చీనీ పండినా ఆకుపచ్చగానో, పసుపు కలిసిన ఆకుపచ్చగానో ఉంటుంది. తొక్కకు ఆ ఆకుపచ్చనిచ్చే పత్రహరితం విరగాలంటే రాత్రుళ్లు బాగా చల్లబడాలి. అంత చలి ఈ సీమలో ఎక్కడిది? లోపల తీపికి ఏ లోటూ లేదు.

ఇక చక్కెర సంగతి. హిందీ, బెంగాలీ, ఒడియా, నేపాలీల్లో చీనీ, చిని అంటే చక్కెర. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో, శ్రీలంకలో సీని. రాయలసీమ దీనికి లొంగలేదు. మనకు చక్కెరే. కడప, కర్నూలు ముస్లిం ఇళ్లలోని దక్కనీ ఉర్దూలో కూడా శక్కర్. రెండూ సంస్కృత శర్కర సంతతే, ఇంగ్లీషు షుగర్ కూడా ఆ ఇంటిదే. చక్కెర వండే విద్య ముందు మన దగ్గరిది. ఆ విద్య నేర్చుకు రమ్మని టాంగ్ చక్రవర్తి తైజాంగ్ 647లో మగధకు మనుషులను పంపాడని చైనా చరిత్ర గ్రంథాలే చెబుతున్నాయి. తర్వాతి కాలంలో తెల్లగా శుద్ధి చేసిన చక్కెరకు మన దగ్గరే చీనీ అని పేరొచ్చింది. పటిక బెల్లానిదీ అదే కథ. హిందీలో అది మిస్రీ, అంటే ఈజిప్టుది. విద్య మనది, ఖ్యాతి ఇద్దరు పరాయివాళ్లకు పోయింది.

అరబ్బీలో ‘చ’ ధ్వని లేదు, అందుకని చీన్ అక్కడ సీన్ అయింది. చీనా నుంచి వచ్చిన పళ్లేల పేరుతో సీనియ్య అంటే ట్రే అని స్థిరపడింది. టర్కీ వాళ్లకు ‘స’తో, ‘చ’తో రెండు దారుల్లోనూ మాట అందింది. సిని అంటే కూర్చుని తినే పెద్ద గుండ్రటి పళ్లెం, చిని అంటే మసీదు గోడల మీద మెరిసే పింగాణీ పలకలు. మన వంటింట్లో కూడా ఈ మాట దాక్కుని ఉంది. పారశీకంలో దార్ అంటే మాను, దార్‌చీనీ అంటే చీనా మాను. అదే మన దాల్చిన. దానికి మళ్లీ ‘చెక్క’ తగిలించాం, రెండుసార్లు చెక్క అన్నట్టు. అసలు సిసలు దాల్చిన శ్రీలంకది, చైనాది దాని చుట్టం.

ఇలా వరుసపెట్టి చూస్తే ‘చీనీ’ అని వినబడే ప్రతి మాటనూ ఈ కుటుంబంలో కలిపేయాలనిపిస్తుంది. జాగ్రత్త పడాల్సింది అక్కడే. స్వాహిలీలో చిని అంటే కింద. అరబ్బులు, గుజరాతీలు వందల ఏళ్లు వ్యాపారం చేసిన తీరంలోని భాష కాబట్టి అది వలస మాటే అని తేల్చేయడం తేలిక. నిజానికి ఎన్చి అంటే నేల, దానికి చోటును చెప్పే ‘ని’ అనే ప్రత్యయం చేరితే నేల మీద, కింద అయింది. చక్కెరకు వాళ్ల మాట సుకారి. దక్షిణ అమెరికా కెచువా భాషలో చినా అంటే ఆడది అని, ముఖ్యంగా జంతువుల్లో. దానికీ చైనాకూ ఏ సంబంధమూ లేదు. రెండు అక్షరాల మాటలు ఎక్కడో ఒకచోట ఢీకొనడం వింతేమీ కాదు. భాషావేత్త చూసేది ధ్వని మార్పులో క్రమాన్ని. అరబ్బీ చీన్‌ను సీన్ అన్నట్టే ఇతర ‘చ’కార మాటలనూ మార్చుకుందా? తమిళంలో మాట మొదటి ‘చ’ ‘స’గా పలకడం మామూలేనా? ఆ తర్వాత సరుకు నడిచిన దారి చూస్తాడు. ఈ రెండూ కుదరకపోతే అది కాకతాళీయం.

పేరు, దారి రెండూ నిజమైనా పుట్టుక వేరే కావచ్చు. అనంతపురం చేలల్లో చీనీ కంటే ముందు కనబడేది శనక్కాయ. బెంగాలీలో దాని పేరు చీనాబాదాం. దానికి కూడా జన్యు పరీక్ష జరిగింది. వేరుశనగ కూడా చీనీలాగే సంకరం. అది దక్షిణ అమెరికాలోని రెండు అడవి జాతుల కలయిక అని, అందులో ఒకటి దక్షిణ బొలీవియాదని 2016లో వెలువడిన జన్యుక్రమ పరిశోధన తేల్చింది.